అమెరికాలో అమ్మాయి సాకర్: క్లబ్ ట్రైఔట్ నుంచి కాలేజీ టీమ్ దాకా ఎలా వెళ్లాలి

ఫ్రిస్కోలోనైనా, ఎడిసన్‌లోనైనా, బే ఏరియాలోనైనా మన తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు మూడే. మా అమ్మాయి బాగా ఆడుతోంది, ఏ క్లబ్‌లో చేర్చాలి? ఇంత డబ్బు పెట్టడం అవసరమా? దీనివల్ల కాలేజీలో సీటో స్కాలర్‌షిప్పో వస్తుందా? మ్యాథ్ పోటీల గురించో స్పెల్లింగ్ బీ గురించో అయితే మన చుట్టూ చెప్పేవాళ్లు పదిమంది ఉంటారు. అమ్మాయిల సాకర్ దగ్గరకు వచ్చేసరికి ఈ దారిలో ముందు నడిచినవాళ్లు తక్కువ. దాంతో క్లబ్ వాళ్లు చెప్పిందే వేదమైపోతోంది. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. హైస్కూల్లో సాకర్ ఆడే అమ్మాయిల్లో నూటికి పదిమంది కూడా ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే ప్రధాన సంస్థ) కాలేజీ టీముల దాకా వెళ్లరు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ లెక్క తెలిస్తే ఏ ఖర్చు అవసరమో, ఏది కాదో మీకే అర్థమవుతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: జెర్సీ మీద ఏ లీగ్ పేరుందన్నది తర్వాత సంగతి. అమ్మాయి ప్రతి మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడుతోంది, కోచ్ ఆమెకు ఏం నేర్పుతున్నాడు అన్నవే అసలైనవి. కింది అడుగులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అమ్మాయి పుట్టిన తేదీ రుజువు, స్కూలు ట్రాన్‌స్క్రిప్ట్
- సాకర్ కోసమే ఒక ఈమెయిల్. పేరు, హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం అందులో కనిపించాలి. ముద్దుపేర్లు వద్దు
- మ్యాచ్‌లు రికార్డు చేసే ఏర్పాటు. టీమ్‌కు వియో, ట్రేస్ లాంటి కెమెరా ఉంటే సరే. లేకపోతే ఎత్తైన ట్రైపాడ్ మీద ఫోన్ చాలు
- ఏ కాలేజీకి ఎప్పుడు రాశారు, ఏం జవాబు వచ్చింది అని రాసుకునే ఒక స్ప్రెడ్‌షీట్
- సంవత్సరానికి ఇంతకు మించి పెట్టం అని ఇంట్లో ముందే అనుకున్న ఒక అంకె

1. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో చూడండి

అడుగున ఏవైఎస్‌ఓ, ఊరి రిక్రియేషన్ లీగులు ఉంటాయి. ఇక్కడ ఖర్చు తక్కువ, ఎవరైనా చేరవచ్చు. ఆ పైన స్థానిక ట్రావెల్ టీములు, రాష్ట్ర లీగులు. ఇంకా పైన ఎన్‌పీఎల్, యూఎస్ యూత్ సాకర్ నేషనల్ లీగ్, ఈసీఎన్ఎల్ రీజనల్ లీగ్ వంటివి. అమ్మాయిలకు అన్నిటికన్నా పై మెట్టుగా లెక్కించేవి రెండు: 2009లో మొదలైన ఈసీఎన్ఎల్ (ఎలీట్ క్లబ్స్ నేషనల్ లీగ్), 2020లో దేశ సాకర్ సమాఖ్య యూఎస్ సాకర్ తన డెవలప్‌మెంట్ అకాడమీని మూసేశాక వచ్చిన గర్ల్స్ అకాడమీ. కాలేజీ కోచ్‌లు ఎక్కువగా ఈ రెండు లీగుల మ్యాచ్‌లకే వెళతారన్నది నిజం. కింది మెట్ల నుంచి ఎవరినీ తీసుకోరన్నది మాత్రం అబద్ధం.

వయసు గ్రూపులు కూడా మారుతున్నాయి. 2026-27 సీజన్ నుంచి పెద్ద యూత్ సంస్థలు ఆగస్టు 1 నుంచి జూలై 31 మధ్య పుట్టినవాళ్లను ఒక గ్రూపుగా లెక్కిస్తాయి. అంతకుముందు జనవరి నుంచి డిసెంబరు లెక్క ఉండేది. ఆగస్టు, డిసెంబరు మధ్య పుట్టిన పిల్లలకు ఇది మేలు, చాలామందికి తమ క్లాసు పిల్లలతోనే ఆడే వీలు దొరుకుతుంది. కాకపోతే పాత టీమ్ రెండుగా చీలిపోవచ్చు. ట్రైఔట్‌కు ముందే మీ అమ్మాయి ఏ గ్రూపులోకి వస్తుందో క్లబ్‌ను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.

పదేళ్లలోపు పాపకైతే విమానం ఎక్కి వెళ్లే టోర్నమెంట్లు అక్కర్లేదు. ఆ వయసులో 7గురు 7గురితో ఆడతారు. 11 మంది ఆట 13 ఏళ్లలోపు గ్రూపులో మొదలవుతుంది. కాలేజీ కోచ్ చూసేది హైస్కూల్ వయసు ఆటనే.

2. క్లబ్‌ను మీరు ఇంటర్వ్యూ చేయండి

మనవాళ్లు ఇక్కడ మొహమాటపడతారు. సెలెక్ట్ అయితే చాలనుకుని ఏమీ అడగరు. నిజానికి డబ్బు కట్టేది మీరు. ఇవి అడగండి:

- ఈ వయసు గ్రూపులో ఎన్ని టీములున్నాయి? మా అమ్మాయి ఏ టీమ్‌లో ఉంటుంది? ఒకే క్లబ్ బ్యాడ్జితో మొదటి టీమ్ ఈసీఎన్ఎల్‌లో, మూడో టీమ్ ఊరి లీగులో ఆడుతుండవచ్చు.
- రోస్టర్‌లో (టీమ్ ప్లేయర్ల జాబితాలో) ఎంతమంది? మ్యాచ్‌కు కనీసం ఎంతసేపు ఆడిస్తారు?
- వచ్చే ఏడాది ఈ కోచ్ ఉంటాడా?
- గత మూడేళ్లలో ఈ టీమ్ నుంచి ఎవరెవరు ఏ కాలేజీలకు వెళ్లారు? వాళ్లలో ఈ క్లబ్‌లోనే చిన్నప్పటి నుంచి పెరిగినవాళ్లు ఎందరు, చివరి ఏడాది బయట నుంచి వచ్చినవాళ్లు ఎందరు?
- హైస్కూల్ టీమ్‌లో కూడా ఆడనిస్తారా?

జవాబులు విన్నాక మామూలు వారం రోజు ప్రాక్టీసు ఒకటి పక్కన నిలబడి చూడండి. కోచ్ తప్పు సరిదిద్దుతున్నాడా, అరుస్తున్నాడా? బెంచీ మీద ఉన్న పిల్లలతో మాట్లాడుతున్నాడా? అరగంటలో తెలిసిపోతుంది.

పెద్ద లీగ్ టీమ్‌లో పదిహేను నిమిషాలు ఆడే అమ్మాయి కన్నా, ఒక మెట్టు కింద మ్యాచ్ అంతా ఆడే అమ్మాయికే చాలాసార్లు ఆట బాగా వస్తుంది. పైగా వీడియోకు కావాల్సినంత ఆట దొరుకుతుంది. 9, 10 తరగతుల్లో ఇది మరీ ముఖ్యం.

జాగ్రత్త: ఆటల్లో పిల్లల భద్రత కోసం పెట్టిన సేఫ్‌స్పోర్ట్ నియమాల ప్రకారం కోచ్ పిల్లలతో ఒంటరిగా, ఎవరికీ కనిపించని చోట ఉండకూడదు. మెసేజ్‌లలో తల్లిదండ్రులనో ఇంకో పెద్దవాళ్లనో కలపాలి. దీన్ని తేలిగ్గా తీసుకునే క్లబ్ ఎంత పెద్దదైనా వదిలేయండి.

3. ట్రైఔట్‌కు వెళ్లేముందు

ట్రైఔట్లు చాలాచోట్ల వసంతకాలం చివర జరుగుతాయి. అప్పటికి సగం చోట్లు కోచ్ మనసులో నిండిపోయి ఉంటాయి. కాబట్టి ఒకటి రెండు నెలల ముందే కోచ్‌కు రాసి, ఒకట్రెండు ప్రాక్టీసులకు రావచ్చా అని అడగండి. చాలా క్లబ్బులు ఒప్పుకుంటాయి. ప్రస్తుత క్లబ్ అనుమతి అవసరమేమో మాత్రం చూసుకోండి.

ఆఫర్ వచ్చాక ఇరవై నాలుగు గంటల్లో సంతకం చేయమని ఒత్తిడి చేస్తారు. టెన్షన్ పడకండి. ఫీజు వివరాలు, టీమ్ పేరు, కోచ్ పేరు రాతలో అడగండి. వచ్చాకే సంతకం.

పై లీగ్‌లో చోటు దొరకకపోతే రాష్ట్ర ఓడీపీ (ఒలింపిక్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్) ట్రైఔట్‌కు వెళ్లవచ్చు. యూఎస్ యూత్ సాకర్ నడిపే ఈ కార్యక్రమంలో, ఊరి క్లబ్ అమ్మాయి కూడా రాష్ట్రంలోని మంచి ప్లేయర్లతో కలిసి శిక్షణ తీసుకోవచ్చు.

4. ఖర్చు మొత్తం లెక్కగట్టండి

క్లబ్ ఫీజు ఖర్చులో ఒక భాగం మాత్రమే. యూనిఫామ్ కిట్, టోర్నమెంట్ ఫీజులు, కోచ్ ప్రయాణంలో మీ వాటా, మీ విమానాలు, హోటళ్లు దానికి కలపండి. చాలా టోర్నమెంట్లలో వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలన్న షరతు ఉంటుంది, బయట చవకగా దొరికినా కుదరదు. నిరుటి సీజన్‌లో ఆ టీమ్‌లో ఒక కుటుంబానికి మొత్తం ఎంతయిందో, ఆ టీమ్ తల్లిదండ్రుల్లోనే ఒకరిని అడగండి. క్లబ్ చెప్పే అంకెకు, వాళ్లు చెప్పే అంకెకు తేడా ఉంటుంది.

చాలా క్లబ్బులకు ఫీజు సాయం ఉంటుంది. దరఖాస్తు గడువు ట్రైఔట్ల సమయంలోనే వచ్చి పోతుంది, ఎవరూ గుర్తు చేయరు. అడగడం నామోషీ కాదు. ఉద్యోగం పోయిన ఏడాదిలో అమ్మాయి ఆట ఆపేసిన కుటుంబాలు నాకు తెలుసు. ఒక్క ఫారమ్ నింపి ఉంటే ఆగేది కాదు. దెబ్బ తగిలి సీజన్ మధ్యలో ఆగితే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారో కూడా ముందే తెలుసుకోండి.

దెబ్బల మాట వచ్చింది కాబట్టి: మోకాలిలోని ఏసీఎల్ తెగడం అబ్బాయిల కన్నా అమ్మాయిల్లో బాగా ఎక్కువ. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ వ్యాయామాలు ఉచితంగా దొరుకుతాయి, గాయాలు తగ్గిస్తాయని రుజువైనవి. టీమ్‌లో చేయించకపోతే ఇంట్లో చేయించండి.

శాకాహారం తినే అమ్మాయి అయితే టోర్నమెంట్‌కు తిండి మీరే పట్టుకెళ్లండి. టీమ్ డిన్నర్‌లో ఆమెకు మిగిలేది ఫ్రెంచ్ ఫ్రైలే. రెండు మ్యాచ్‌ల మధ్య పెరుగన్నం, అరటిపండు ఎంత పనికొస్తాయో చూశాను.

5. 9వ తరగతి నుంచే చదువు లెక్క

ఎన్‌సీఏఏ కాలేజీలు మూడు డివిజన్లుగా ఉంటాయి. డివిజన్ 1 లేదా 2 ఆడాలంటే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు) అడుగుతుంది. డివిజన్ 1కు వాటిలో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవాలి, ఆ పదిలో 7 ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్‌లవి కావాలి. కోర్ జీపీఏ కనీసం డివిజన్ 1కు 2.3, డివిజన్ 2కు 2.2. ఎస్ఏటీ, ఏసీటీ స్కోరు ఎన్‌సీఏఏకు ఇప్పుడు అవసరం లేదు, కాలేజీకి మాత్రం అవసరం కావచ్చు.

మన పిల్లలకు 2.3 ఒక లెక్కా అనుకుంటారు. చిక్కు జీపీఏలో రాదు, కోర్సుల్లో వస్తుంది. ఆన్‌లైన్‌లో చేసిన కోర్సులు, ఇండియాలో చదివి వచ్చిన 9వ తరగతి లెక్కలోకి వస్తాయో రావో చూసుకోవాలి. మీ హైస్కూల్ పేరు మీద ఎన్‌సీఏఏ ఆమోదించిన కోర్సుల జాబితా వాళ్ల సైట్‌లో ఉంటుంది. కౌన్సిలర్‌తో కూర్చుని ఒక్కసారి సరిచూసుకోండి.

6. కాలేజీల జాబితా

మొదట 30 నుంచి 40 కాలేజీలు రాసుకోండి. అన్నీ టీవీలో కనిపించే పేర్లే ఉంటే ఆ జాబితా పనికిరాదు. డివిజన్ 1, 2, 3, ఎన్ఏఐఏ (ఎన్‌సీఏఏ కాక మరో కాలేజీ క్రీడా సంస్థ) అన్నీ కలపండి. డివిజన్ 3లో, ఐవీ లీగ్‌లో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. కానీ డివిజన్ 3లో చదువులో ప్రపంచస్థాయి కాలేజీలున్నాయి: ఎంఐటీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, ఎమరీ, జాన్స్ హాప్‌కిన్స్, విలియమ్స్. చదువూ ఆటా రెండూ కావాలనుకునే మన కుటుంబాలు వీటిని పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్రతి కాలేజీకీ ఈ పరీక్ష పెట్టండి. దెబ్బ తగిలి సాకర్ ఆగిపోయినా అమ్మాయి ఇక్కడ చదువుతుందా? లేదంటే జాబితా నుంచి తీసేయండి.

తర్వాత టీమ్ రోస్టర్ పేజీ తెరవండి. మీ అమ్మాయి ఆడే స్థానంలో ఎంతమంది ఉన్నారు, ఆమె చేరే ఏడాదికి ఎంతమంది వెళ్లిపోతారు, కొత్తగా చేరినవాళ్లలో వేరే కాలేజీల నుంచి ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లు ఎందరు, మిగతావాళ్లు ఏ క్లబ్బుల నుంచి వచ్చారు. ఈ నాలుగూ చూస్తే ఆశ పెట్టుకోవచ్చో లేదో తెలిసిపోతుంది. వీలైతే దగ్గర్లోని మూడు స్థాయిల కాలేజీ మ్యాచ్‌లు అమ్మాయికి నేరుగా చూపించండి. ఆట వేగం టీవీలో తెలియదు.

7. వీడియో

మూడు నుంచి ఐదు నిమిషాలు. మొదటి అరనిమిషంలోనే ఆమె బెస్ట్ క్లిప్పులు. ప్రతి క్లిప్ మొదట్లో ఆమె ఎవరో తెలిసేలా బాణం గుర్తో వలయమో పెట్టండి. పాటలు, స్లో మోషన్, పెద్ద టైటిళ్లు వద్దు. గోల్స్ మాత్రమే పెడితే సరిపోదు. బంతి పోగొట్టుకున్నాక ఎలా వెనక్కి పరిగెత్తింది, ఒత్తిడిలో మొదటి టచ్ ఎలా ఉంది అన్నవి కోచ్‌కు కావాలి. దాంతోపాటు ఒక పూర్తి మ్యాచ్ లింకు ఇవ్వండి.

సరిచూసుకోవడం ఇలా: సాకర్ తెలిసిన, మీ అమ్మాయి తెలియని ఒకరికి చూపించండి. ఏ స్థానంలో ఆడుతోందో, ఆమె బలమేమిటో ఒక నిమిషంలో చెప్పలేకపోతే మళ్లీ కత్తిరించాలి. లాగిన్ అడగకుండా లింకు తెరుచుకుంటుందా అని వేరే ఫోన్‌లో చూడండి. ప్రైవేటుగా పెట్టిన లింకు పంపి నెలలు ఎదురుచూసినవాళ్లు ఉన్నారు.

8. ఈమెయిల్ అమ్మాయే రాయాలి

మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నాన్నగారు రాసిన ఉత్తరాన్ని కోచ్ మొదటి వాక్యంలోనే పసిగడతాడు. తన మాటలు తాను చెప్పలేని అమ్మాయి మైదానంలో ఎలా మాట్లాడుతుందని అనుకుంటాడు. అచ్చుతప్పులు దిద్దండి, అంతే.

సబ్జెక్ట్ లైన్‌లో హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం, స్థానం, పేరు, క్లబ్. లోపల ఈ వరుసలో:

- ఆ కాలేజీ ఎందుకు? రెండు వాక్యాలు, ఆ కాలేజీకి మాత్రమే సరిపోయేవి. టీమ్ ఆడే తీరు గురించో, ఆమె చదవాలనుకునే కోర్సు గురించో
- టీమ్, లీగ్, జెర్సీ నంబరు, ఎత్తు, ఏ కాలితో ఆడుతుంది
- జీపీఏ, కష్టమైన కోర్సులు
- వీడియో లింకు
- రాబోయే మ్యాచ్‌ల తేదీ, సమయం, మైదానం నంబరు
- క్లబ్ కోచ్ పేరు, ఫోను

టోర్నమెంట్‌కు వారం పదిరోజుల ముందు ఒకటి, అయ్యాక రెండు క్లిప్పులతో ఒకటి పంపాలి. దాంతోపాటు కాలేజీ సైట్‌లో ఉండే రిక్రూట్ ప్రశ్నావళి నింపాలి. హెడ్ కోచ్‌కే కాక, అసిస్టెంట్ కోచ్‌కు కూడా రాయండి. చాలా టీముల్లో రిక్రూటింగ్ చూసేది వాళ్లే.

జవాబు రాకపోతే కుంగిపోకండి. డివిజన్ 1, 2 కోచ్‌లు పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా రిక్రూటింగ్ గురించి పిల్లలకు రాయకూడదు, మాట్లాడకూడదు. క్యాంపు సమాచారం, ప్రశ్నావళి పంపవచ్చు, అంతే. డివిజన్ 3, ఎన్ఏఐఏ కోచ్‌లకు ఈ అడ్డు లేదు, ముందే మాట్లాడవచ్చు. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి ఏడాదీ ఎన్‌సీఏఏ సైట్‌లో చూసుకోండి.

9. ఐడీ క్యాంపులు, షోకేసులు

ఐడీ క్యాంపులంటే కాలేజీ కోచ్‌లు ప్లేయర్లను చూసేందుకు పెట్టేవి. క్యాంపు ఆహ్వానం వచ్చిందంటే కోచ్‌కు నచ్చినట్టు కాదు. చాలావరకు అవి అందరికీ ఒకేసారి పోయేవి, క్యాంపు ఫీజు కాలేజీ టీమ్‌కు ఆదాయం కూడా. ఆహ్వానంలో మీ అమ్మాయి ఆడిన మ్యాచ్ ప్రస్తావనో, ఆమె ఆట గురించి ఒక మాటో ఉందా? లేకపోతే ఆమె చేత తిరిగి రాయించండి: నా వీడియో చూశారా, నా ఏడాదిలో నా స్థానానికి ఇంకా వెతుకుతున్నారా అని. నియమం ప్రకారం కోచ్ జవాబు చెప్పలేని వయసైతే క్లబ్ కోచ్ చేత ఫోన్ చేయించండి. జాబితాలో పైనున్న రెండు మూడు కాలేజీల క్యాంపులు చాలు.

షోకేసులు, అంటే కాలేజీ కోచ్‌లు చూడటానికి వచ్చే టోర్నమెంట్లు, కూడా అంతే. వర్జీనియాలో జెఫర్సన్ కప్, శాన్ డియాగోలో సర్ఫ్ కప్ లాంటి వాటికి కోచ్‌లు పెద్ద సంఖ్యలో వస్తారు. ముందు ఈమెయిల్ పంపకుండా వెళితే వంద మైదానాల మధ్య మీ అమ్మాయిని ఎవరూ వెతుక్కుంటూ రారు.

రిక్రూటింగ్ సర్వీసులకు వేల డాలర్లు కట్టాలా? అక్కర్లేదని నా అభిప్రాయం. వాళ్లు చేసేదంతా పైన చెప్పిన 6, 7, 8 అడుగులే.

10. ఆసక్తి నిజమా కాదా

జూన్ 15 తర్వాత ఫోన్లు, జూమ్ కాల్స్ మొదలవుతాయి. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి డివిజన్ 1 కాలేజీలు అమ్మాయిని తమ ఖర్చుతో క్యాంపస్‌కు పిలిపించుకోవచ్చు. అమ్మాయి ఈ ప్రశ్నలు ధైర్యంగా అడగాలి: నా స్థానంలో మీ లిస్టులో నేను ఎక్కడున్నాను? ఎప్పటికి నిర్ణయిస్తారు? నన్ను ఏ స్థానంలో ఊహిస్తున్నారు? కోచ్ ట్రాన్‌స్క్రిప్ట్ అడిగితే, మ్యాచ్‌కు వచ్చి రెండోసారి కూడా చూస్తే, తనంతట తాను ఫోన్ చేస్తే అది నిజమైన ఆసక్తి. పొగిడి, తేదీ చెప్పకపోతే కాదు.

నోటిమాట ఆఫర్‌కు కట్టుబడాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. కోచ్ మారితే అది ఎగిరిపోవచ్చు. రాతలో ఆర్థిక సాయం ఒప్పందం వచ్చేదాకా మిగతా తలుపులు మూయకండి. డివిజన్ 3లో అయితే పదకొండో తరగతి అయ్యాక వేసవిలో అడ్మిషన్స్ వాళ్ల చేత ప్రీ-రీడ్ (దరఖాస్తుకు ముందే మార్కులు, కోర్సులు చూడటం) చేయిస్తారా అని అడగండి. సీటు వచ్చే అవకాశం ఎంతో అందులో తెలుస్తుంది.

11. డబ్బు, వీసా

ఫుల్ రైడ్ (కాలేజీ ఖర్చంతా భరించే స్కాలర్‌షిప్) అన్న మాట మర్చిపోవడం మంచిది. 2025 జూన్‌లో కాలేజీ ఆటగాళ్లకు డబ్బు చెల్లింపుల మీద నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కు ఆమోదం రాకముందు డివిజన్ 1 మహిళల టీమ్‌కు 14 స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటిని ఇరవై ముప్పై మందికి ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్ పరిమితి లేదు, బదులుగా రోస్టర్ 28 మందికి మించకూడదు. అంటే డబ్బు అందరికీ వస్తుందని కాదు. స్కాలర్‌షిప్ లేకుండా చేరదామనుకునే అమ్మాయికి చోటు తగ్గిందని అర్థం. ప్రతి కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, అందులో మీ అంకెలు వేసి చూడండి. చదువుకు ఇచ్చే మెరిట్ సాయం చాలాసార్లు ఆటకు ఇచ్చేదాని కన్నా ఎక్కువ ఉంటుంది.

హెచ్-4 మీద ఉన్న పిల్లల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. ఆటకు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు వీసా అడ్డం కాదు. కానీ ఫెడరల్ సాయం సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, మరికొన్ని అర్హత వర్గాలకే. హెచ్-4 పిల్లలకు రాదు. ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. గ్రీన్‌కార్డు రాకపోతే 21 ఏళ్లకు హెచ్-4 పోతుంది, అంటే కాలేజీ మధ్యలో ఎఫ్-1కు మారాల్సి రావచ్చు. ఎన్ఐఎల్ (తన పేరు, ఫొటో వాడుకోనిచ్చినందుకు ఆటగాళ్లకు వచ్చే డబ్బు) పేరుతో ప్రకటనలకు వచ్చే డబ్బు తీసుకుంటే వీసాకు ముప్పు. ఏ ఒప్పందం మీదైనా సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను, కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగండి. కోచ్‌కు కూడా ఈ సంగతి ముందే చెప్పండి, దాచాల్సిన విషయం కాదు.

పన్నెండో తరగతి వచ్చినా ఆఫర్ లేకపోతే

జాబితాను ఒక మెట్టు కిందికి దించి మళ్లీ రాయండి. డివిజన్ 3, ఎన్ఏఐఏ కోచ్‌లు పన్నెండో తరగతి శీతాకాలంలో కూడా తీసుకుంటారు. రెండేళ్ల జూనియర్ కాలేజీలో చేరి ఆడి, అక్కడి నుంచి నాలుగేళ్ల కాలేజీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే దారి ఉంది, ఖర్చూ తక్కువ. నచ్చిన యూనివర్సిటీలో చదువు మీద సీటు వస్తే, అక్కడ విద్యార్థులు నడుపుకునే క్లబ్ సాకర్ టీమ్ ఉందేమో చూడండి. పెద్ద యూనివర్సిటీల్లో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. సెమిస్టర్ మొదట్లోనే ట్రైఔట్ పెడతారు, కాబట్టి క్లీట్స్ మొదటి ట్రిప్పులోనే సర్దండి.